ఆరెంజ్ జ్యూస్‌తో తోటకూర.. అవ్వ ఏమందంటే!

పాలు పడట్లేదని తేలాక పెరుగూ, నెయ్యీ మానేశా. తిరుపతిలో మా అవ్వకి అది పెద్ద షాక్. ‘పెరుగన్నం తినకుండా లేస్తే అదేం తిండిరా?’ అని అలిగింది.

అప్పుడే ‘వీగన్ సోల్ కిచెన్’ తెప్పించుకున్నా. అమెరికన్ షెఫ్ బ్రయంట్ టెర్రీ 2009లో తెచ్చిన వంటల పుస్తకం. అక్కడి నల్లజాతి ఇళ్ల వంటే సోల్ ఫుడ్. పంది కొవ్వు, వెన్న దండిగా పడే ఆ వంటల్ని అవి లేకుండా ఎలా చేయాలో ఇందులో ఉంటుంది.

మొదట కొలార్డ్ ఆకు, ఎండుద్రాక్ష, ఆరెంజ్ జ్యూస్‌తో చేసే కూర. కొలార్డ్ దొరక్క తోటకూర వేశా. మిగతాదంతా కోడ్ కాపీ పేస్ట్ చేసినట్టే! అదే కొంప ముంచింది. కొలార్డ్ మందపాటి ఆకు, ముందు నీళ్లలో ఉడకాలి. తోటకూరేమో గుజ్జయిపోయింది. ‘ఆకుని చంపేసినావు కదరా’ అంది అవ్వ.

మరుసటి వారం అలసందలు. సోల్ ఫుడ్‌లో వీటికి పెద్దపీట. ఈసారి గరిటె అవ్వే లాక్కుంది. అలసంద పులుసు, రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి. దేంట్లోనూ పాలచుక్క లేదు! అలసందలు, రాగులు రెండూ ఆఫ్రికాలో పుట్టిన పంటలే. బానిసలుగా పట్టుకెళ్లినవాళ్లతో పాటు అలసందలు అమెరికా చేరాయి. మన దగ్గరికి వేల ఏళ్ల కిందటే వచ్చాయి.

ఇది చెబితే అవ్వ ‘అయితే వాళ్లూ మనోళ్లే’ అంది. పెరుగు గిన్నె మాత్రం ఇంకా నా కంచం పక్కనే పెడుతోంది.