కడుపుమంట మాత్రలు: వాడవలసిన తీరు

మన ఇళ్ళలో పోపులపెట్టె ఎట్లాగో, ఈ రోజుల్లో కడుపుమంట మాత్రల పట్టీ కూడ అట్లాగే తప్పనిసరి అయినది. పుల్లని తేన్పు వచ్చినా మాత్రే, పెళ్ళిభోజనం ఎక్కువైనా మాత్రే. పాంటప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి నిజానికి డాక్టరు చీటీ మీద అమ్మవలసిన మందులు. అవి మంచి మందులే. తెలిసి వాడినవారికి మాత్రమే మంచివి.

అన్నకోశంలో ఆమ్లం ఊరడం సహజం. అది అన్నవాహికలోనికి ఎగదన్నితే గుండెల్లో మంట. అన్నకోశపు గోడనో, చిన్నప్రేగు మొదటి భాగాన్నో తొలిచి పుండు పడితే అల్సరు. పూర్వం అల్సరుకు పాలు, పథ్యం, అవి పని చేయకపోతే శస్త్రచికిత్స. 1976లో బ్రిటనులో సిమెటిడిన్, 1988లో ఒమెప్రజోల్ వచ్చిన తర్వాత ఆ కత్తి చాలవరకు తప్పినది.

ఒమెప్రజోల్ జాతి మందులు ఆమ్లాన్ని తోడిపోసే పంపులనే ఆపుతాయి. ఆ పంపులు మనం తిన్నప్పుడే బాగా పని చేస్తాయి. కనుక మాత్రను ఫలహారానికి అరగంట ముందు వేసుకోవలెను. ఇడ్లీలు తిని, కాఫీ త్రాగి, ఆ తర్వాత వేసుకొంటే గుణం తగ్గుతుంది. నమలరాదు, నూరరాదు. పూర్తి గుణానికి కొన్ని రోజులు పడుతుంది.

కారమూ, దిగులూ అల్సరు తెస్తాయని పెద్దలే కాదు, వైద్యులు కూడ నమ్మేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి దీనికి మూలమని చూపారు. 1984లో మార్షల్ గారు ఆ క్రిములను తామే త్రాగి అన్నకోశపు వాపు తెచ్చుకొన్నారు! 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చినది. ఈ క్రిమి ఉంటే ఆమ్లపు మాత్రతోబాటు యాంటీబయాటిక్ మందులు కూడ, సాధారణంగా పదునాలుగు రోజులు, వాడవలెను. మంట తగ్గినదని మధ్యలో మానరాదు.

రెండవ శత్రువు మన అలమారులోనే ఉన్నది. మోకాళ్ళ నొప్పికి రోజూ మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కూడ పుండు తెస్తాయి. డాక్టరుగారికి వాటి పేర్లు తప్పక చెప్పండి.

ఎన్నాళ్ళు వాడవలె? సామాన్యంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు. అడిగేవారు లేక ఏళ్ళ తరబడి వాడితే శరీరంలో బి-12, మెగ్నీషియం తగ్గవచ్చును. అకస్మాత్తుగా మానితే ఆమ్లం కొన్నాళ్ళు మరింత ఊరి మంట తిరిగి రావచ్చును. కనుక మానడం కూడ డాక్టరు సలహాతోనే. గుండెకు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండే మందులు వాడే పెద్దలకు ఈ మాత్ర రక్షణగా ఇచ్చి ఉండవచ్చును. వారు ఈ వ్యాసం చదివి మానివేయరాదు. క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్‌ను స్వయంగా కొనుక్కోరాదు. అది ఆ మందు గుణాన్ని తగ్గిస్తుంది.

పొరుగు భాషలవారి నడుమ ఉండే మనకు ఇంకొక చిక్కు. మన 'గుండెల్లో మంట' కన్నడంలో 'ఎదె ఉరి', తమిళంలో 'నెంజెరిచ్చల్'. ఆ మాట డాక్టరుకు సరిగా చెప్పవలెను. మంట కాక ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, చేయి లాగితే అది గుండెజబ్బు కావచ్చును. మాత్ర వెదుకక ఆస్పత్రికి పరుగెత్తండి. తారువలె నల్లని విరేచనం, నెత్తురు వాంతి అయినా అంతే. మ్రింగుడు పడకపోయినా, కారణం లేక బరువు తగ్గినా ఆలస్యం చేయక చూపించుకోవలెను.

ఇంటిలో చేయగలిగినవీ ఉన్నవి. పడకకు మూడు గంటల ముందే భోజనం ముగించండి. మంచం తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టండి. పొగాకు మానండి. ఆవకాయ ఎవరికి పడదో వారే మానితే చాలు. ఇల్లంతా చప్పిడికూడు తిననక్కరలేదు.

మీ ఇంటిలో ఆ పట్టీ ఉన్నదా? అది ఎవరు, ఎందుకు, ఎప్పటివరకు వాడమన్నారో ఈ నెలలోనే అడిగి, చీటీ మీద వ్రాయించుకొనండి.