డిక్కీలో నీళ్లా? రబ్బరు మార్చే ముందు ఈ పరీక్ష చేయాలి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లో చాలా కార్లు, వ్యాన్లు వానాకాలమంతా ఆరుబయటే తడుస్తాయి. తెల్లారి డిక్కీ తెరిస్తే స్టెప్నీ గుంటలో నీళ్లు! అలాగే వదిలేస్తే బూజు వాసన, ఆపై రేకుకు తుప్పు. చాలామంది వెంటనే వెనుక డోరు రబ్బరు మార్పిస్తారు. అయినా లీకు ఆగదు. నీరు కనిపించే చోటు ఒకటి, లోపలికి వచ్చే చోటు మరొకటి.

ముందు కార్పెట్ తీసి, లోపల పొడిగా తుడవాలి. డోరు మూసి ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. మరొకరు పైపుతో నీళ్లు కింది నుంచి పైకి పోస్తూ రావాలి. మొదట బంపరు వైపు, తర్వాత వెనుక లైట్లు, చివరికి డోరు పై అంచు. తొలి చుక్క ఎక్కడ కనిపిస్తే లోపం అక్కడే.

లైట్ల దగ్గరైతే వాటి గ్యాస్కెట్ మార్చాలి. రేకు అతుకు దగ్గరైతే పాత సీలెంట్ గీకి, బాగా ఆరాక కొత్తది వేయాలి. డోరు అంచున అయితే కాగితం పెట్టి మూయాలి. అది సులువుగా జారి వస్తే రబ్బరు గట్టిగా నొక్కుకోవడం లేదన్నమాట. అప్పుడు లాక్ కొండీ సరిచేయించి చూడాలి, రబ్బరు చీలితేనే మార్చాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు, దాంతో రేకు తుప్పు పడుతుంది.

2020 అక్టోబరులో నగరం చూసినట్టు వీధే మునిగితే ఏ రబ్బరూ ఆపలేదు. అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవడమే మేలు.