5 లెంగ్తుల తేడా

మైలు గుర్రప్పందేనికి వేగమొక్కటే చాలదు, దమ్ము కావాలి. గెలుపుల లెక్కకన్నా గుర్రం ఎవరిని ఓడించిందన్నదే నేను ముందు చూస్తాను. 2011 జూలైలో, ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో ససెక్స్ స్టేక్స్‌కు ముందు ఆ లెక్కన నాలుగేళ్ల కాన్‌ఫర్డ్ క్లిఫ్స్‌దే పైచేయి: వరుసగా 5 గ్రూప్-1 (అత్యున్నత స్థాయి) గెలుపులు, చివరిది గోల్డికోవా అంతటి ఆడగుర్రం మీద. మూడేళ్ల ఫ్రాంకెల్‌కు ఓటమి తెలియదు. 2000 గినీస్ పందేన్ని 6 లెంగ్తులతో (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) కొట్టింది. కానీ తర్వాత అస్కాట్‌లో మరీ ముందే ఉరికి, ముప్పావు లెంగ్తుతో గట్టెక్కింది. కొందరు దాన్ని బలహీనతన్నారు. నాకైతే అది పరుగును పంచుకోవడంలో తొందర, అంతే!

వయసు రాయితీగా ససెక్స్‌లో ఫ్రాంకెల్ మోసే బరువు 8 పౌండ్లు తక్కువ. మొదటినుంచీ ముందుండి 5 లెంగ్తులతో గెలిచింది. కాన్‌ఫర్డ్ క్లిఫ్స్ చివర్లో పక్కకు జరిగింది, తర్వాత గాయం బయటపడి రిటైరైంది. కాబట్టి ఆ 5 లెంగ్తుల తేడాను నేను పూర్తిగా నమ్మను. ఫలితం మాత్రం తిరగబడేది కాదు.