ఉమ్మడి ఫైళ్ల రక్షణకు లాకింగ్ సేవ

కార్యాలయ రికార్డులను ఒకే సర్వర్‌లో భద్రపరచి, నెట్‌వర్క్ ద్వారా ఉద్యోగులందరూ అక్కడి నుండే వినియోగించుకొనే విధానం విస్తృతంగా అమలులో ఉంది. దీనివలన రికార్డులు పలుచోట్ల చెదిరిపోకుండా ఉంటాయి. అయితే ఒకే ఫైలులో ఒకే సమయంలో ఇద్దరు మార్పులు చేసినచో ఒకరి పనిని మరొకరి పని తుడిచివేసే ప్రమాదం కలదు. దీనిని నివారించుటకు ఉద్దేశించినదే ఫైల్ లాకింగ్ సేవ.

ఉదాహరణకు, పింఛనుదారుల జాబితాను ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి తెరచారనుకుందాం. మొదటివారు ఒక కొత్త పేరు చేర్చి భద్రపరచారు. రెండవవారి వద్ద ఉన్నది ఆ పేరు లేని పాత ప్రతి. వారు వేరొక చిరునామా సరిదిద్ది భద్రపరచగానే కొత్త పేరు మాయమవుతుంది. ఎటువంటి హెచ్చరికా రాదు. పింఛను అందని వ్యక్తి వచ్చి అడిగేవరకు లోపం బయటపడకపోవచ్చు. ముందుగా లాక్ కోరే ప్రోగ్రాం అయినచో, మొదటివారి పని ముగిసేవరకు రెండవవారికి లాక్ లభించదు.

పనిచేయు విధానం

యూనిక్స్, లినక్స్ సర్వర్లలో ప్రసిద్ధమైన ఎన్.ఎఫ్.ఎస్. వ్యవస్థను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించింది. ఏ కంప్యూటర్ ఏ ఫైలు తెరచిందో సర్వర్ గుర్తుంచుకోనవసరం లేకుండా తొలి వెర్షన్లు రూపొందాయి. లాక్ విషయంలో మాత్రం గుర్తుంచుకోక తప్పదు. అందువలన 2, 3 వెర్షన్లలో ఈ బాధ్యతను రెండు ప్రత్యేక సేవలకు అప్పగించారు. 'లాక్‌డి' లాక్‌లను మంజూరు చేస్తుంది. 'స్టాట్‌డి' లాక్‌ల విషయంలో సంబంధం గల కంప్యూటర్ల పేర్లను డిస్కులో నమోదు చేస్తుంది.

సర్వర్ ఆగి మరల ప్రారంభమైనప్పుడు స్టాట్‌డి ఆ నమోదును చూసి సంబంధిత కంప్యూటర్లకు సమాచారం పంపుతుంది. అవి నిర్ణీత గడువులోగా తమ పాత లాక్‌లను తిరిగి పొందుతాయి. ఆ గడువులో కొత్త లాక్‌లు మంజూరు కావు. లాక్ పొందిన కంప్యూటరే ఆగి మరల ప్రారంభమైనచో, దాని పాత లాక్‌లను సర్వర్ విడుదల చేస్తుంది. ఆ కంప్యూటర్ తిరిగి ప్రారంభం కానిచో లాక్ అలాగే నిలిచిపోతుంది. నిర్వాహకుడే దానిని తొలగించవలసి ఉంటుంది.

2000లో తొలిగా వెలువడి 2003లో సవరించబడిన 4వ వెర్షన్‌లో లాకింగ్ ప్రధాన వ్యవస్థలోనే అంతర్భాగమైంది. ఇందులో లాక్ కౌలు వంటిది. గడువులోగా పునరుద్ధరించనిచో సర్వర్ దానిని రద్దు చేయవచ్చు. లినక్స్‌లో ఈ గడువు సాధారణంగా 90 సెకన్లు.

నిర్వాహకులు గమనించవలసిన అంశాలు

* 3వ వెర్షన్ వాడుతున్నచో సర్వర్, క్లయింట్ రెండింటిలోనూ లాక్‌డి, స్టాట్‌డి, వాటికి ఆధారమైన ఆర్.పి.సి.బైండ్ సేవలు నడవాలి.

* ఆర్.పి.సి.బైండ్‌కు 111, ఎన్.ఎఫ్.ఎస్.కు 2049 పోర్టులు వాడుకలో ఉన్నాయి. లాక్‌డి, స్టాట్‌డిలకు పోర్టులు మారుతూ ఉండవచ్చు కనుక వాటిని స్థిరపరచి, ఫైర్‌వాల్‌లో ఇరువైపులా అనుమతించాలి. 4వ వెర్షన్‌కు సాధారణంగా 2049 ఒక్కటే చాలును.

* 3వ వెర్షన్‌లో 'నోలాక్' ఐచ్ఛికం వాడినచో లాక్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం. ఇతరులు కూడా వ్రాసే ఫైళ్లకు దీనిని వాడరాదు.

* ఈ లాక్‌లు సాధారణంగా సూచనప్రాయమైనవి. లాక్ కోరకుండా నేరుగా వ్రాసే ప్రోగ్రాంను ఇవి అడ్డుకోవు. కావున వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ లాక్ కోరుచున్నదో లేదో విచారించుకోవాలి.

సేవ ప్రారంభించిన పిదప ఒక కంప్యూటర్ నుండి ఫైలుకు లాక్ వేసి, రెండవదాని నుండి అదే లాక్ కోరి చూడాలి. రెండవది వేచి ఉండినను, తిరస్కరించబడినను సేవ సక్రమంగా ఉన్నట్లు. వెంటనే లాక్ లభించినచో లోపాన్ని సరిదిద్దిన తరువాతే ఆ ఫైళ్లను ఉమ్మడి వినియోగానికి అనుమతించుట శ్రేయస్కరం. లాకింగ్ సేవ ఉన్నప్పటికీ ప్రతిదినం బ్యాకప్ తీసుకొనుట మానరాదు.