ఆ పది మంది ఎక్కాక ఊగిన వంతెన

ఇంటర్‌లో రెజొనెన్స్ అంటే నాకు రెండు మార్కుల ప్రశ్న. సైనికులు వంతెన మీద కవాతు ఎందుకు చేయకూడదు? జవాబు బట్టీ పట్టాను, రాసేశాను. అసలు విషయం అర్థమైంది మాత్రం లండన్ మిలేనియం బ్రిడ్జ్ గురించి చదివాకే.

2000 జూన్ 10న ఆ కాలినడక వంతెన తెరిచారు. జనం ఎక్కగానే అటూ ఇటూ ఊగింది. రెండు రోజులకే మూసేశారు. అక్కడ ఎవరూ కవాతు చేయలేదు! మరి ఎందుకు ఊగింది?

మనం సెకనుకి దాదాపు రెండు అడుగులు వేస్తాం. ఒక్కో అడుగూ నేలని కొంచెం పక్కకి కూడా నెడుతుంది, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. అంటే ఈ అటూ ఇటూ తోపు సెకనుకి ఒకసారి పూర్తవుతుంది. వంతెన సహజంగా ఊగే వేగమూ దానికి దగ్గరే. కాస్త కదలగానే జనం పడిపోకుండా కాళ్లు ఎడంగా పెట్టి, ఆ ఊపుకి తగ్గట్టు నడిచారు. దాంతో ఊపు ఇంకా పెరిగింది. తర్వాత చేసిన పరీక్షలో 156 మంది నడిచినా పెద్దగా కదల్లేదు. ఇంకో పది మంది ఎక్కగానే ఊగింది!

పరిష్కారం డాంపర్లు. కొన్నిటిలో ద్రవం ఊపు శక్తిని వేడిగా మార్చేస్తుంది. కొన్నిటిలో స్ప్రింగులకి బిగించిన బరువు వంతెనకి ఎదురు ఊగుతుంది. 2002 ఫిబ్రవరిలో మళ్ళీ తెరిచారు, ఊపు పోయింది.

నేనూ నా కోడ్‌ని ఒక్క యూజర్‌తో టెస్ట్ చేసి "పనిచేస్తోంది" అనేస్తుంటాను. ఇకమీదట ఆ చివరి పది మందిని కూడా గుర్తుపెట్టుకుంటాను.