ఒకే పోర్టు, రెండు ప్రోగ్రాములు: తువ్వాలు ఎవరిది?

సెలవులకు వేంపల్లె వచ్చిన మా అక్క కొడుకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "చూడు మామా, 34.5 అని రావాల. ఒక కిటికీలో 3.5 అంటాంది, ఇంకోదాంట్లో వట్టి 4" అన్నాడు. ఆర్డుయినో బోర్డుకు ఉష్ణోగ్రత సెన్సరు తగిలించి, ఆ సీరియల్ పోర్టును లైనక్స్‌లో రెండు ప్రోగ్రాములతో తెరిచినాడు.

ఎందుకిట్లా? మామూలుగా సీరియల్ పోర్టును ఎందరు తెరిచినా లైనక్స్ గుండెకాయ అయిన కర్నల్ కాదనదు. కానీ వచ్చిన ప్రతి బైటూ ఒక్కరికే దక్కుతుంది. ఇది వీధి కొళాయి: నా బిందెలో పడిన నీళ్లు నీ బిందెలోకి రావు.

మరి ఎలా ఆపాలి? పులివెందుల బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాం చూడండి, అట్లా. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూయూసీపీ, మోడెములతో యూనిక్స్ యంత్రాల మధ్య ఫైళ్లు మోసిన ఏర్పాటు, ఇదే అలవాటు చేసింది. పోర్టు పేరుతో ఒక తాళం ఫైలు పెట్టాలి; అప్పటికే ఉంటే వెనక్కి మళ్లాలి. ముందు చూసి తర్వాత పెడదామంటే కుదరదు, ఆ సందులో ఇంకొకడు దూరుతాడు. "లేకుంటేనే సృష్టించు" అని కర్నల్‌ను ఒకేసారి అడగాలి.

తువ్వాలు వేసినోడు నడిమధ్యలో బస్సు దిగిపోతే? అందుకే ఫైల్లో ప్రాసెస్ నంబరు రాస్తారు. నంబరు 1230 అయితే ముందు ఆరు ఖాళీలు, తర్వాత నాలుగంకెలు, చివర కొత్త వరుస గుర్తు: మొత్తం 11 అక్షరాలు. తర్వాత వచ్చినవాడు ఆ నంబరుకు 0 సిగ్నల్ పంపుతాడు. అది ఎవరినీ చంపదు, ఆ నంబరుతో ఎవరైనా ఉన్నారా లేదా అని తేలుస్తుంది, అంతే. లేకుంటే పాత తాళం తీసేయొచ్చు. చచ్చినోడి నంబరే ఇంకొకరికి వచ్చి ఉంటే మాత్రం మోసపోతాం. ఫైలు పెట్టకుండా, తెరిచిన పోర్టు మీదే కర్నల్‌తో వేయించే ఫ్లాక్ అనే తాళానికి ఈ బాధ లేదు. ప్రోగ్రాం కూలితే కర్నలే విప్పేస్తుంది.

ఇన్ని ఉండీ మావాడి అంకెలు ఎందుకు చీలాయి? తువ్వాలు చూసి ఆగేవాళ్లుంటేనే దానికి విలువ. ఒక ప్రోగ్రాం తాళం ఫైలు పెట్టింది. వీడి పైతాన్ స్క్రిప్టు ఆ వైపే చూడలేదు. అది వాడే పైసీరియల్ లైబ్రరీలో 'ఎక్స్‌క్లూజివ్' అంటే ఫ్లాక్ వేస్తుంది గానీ తాళం ఫైలు వెతకదు. అందుకే జాగ్రత్తపరులు రెండూ వేస్తారు. ఇంకా గట్టిది టీఐఓసీఈఎక్స్‌సీఎల్ అనే ఆదేశం. అది నేరుగా కండక్టరుకే చెప్పడం: ఆపైన తెరవబోయేవాడికి "ఖాళీ లేదు" అన్న జవాబే. సర్వాధికారాలున్న రూట్ వాడుకరికి మాత్రం అదీ అడ్డం కాదు.

"రెండుచోట్లా అంకెలు కావాలంటే?" అన్నాడు. ఒక్క ప్రోగ్రామే పోర్టును చదివి, రెండోదానికి పంచాలన్నాను. ఒక కిటికీ మూసి మళ్లీ నడిపాడు. 34.5. వేంపల్లె ఎండాకాలానికి అది తక్కువే, మిద్దె నీడన ఉన్నాం కాబట్టి.