ఆందోళన రుగ్మతలు: లక్షణాలు, చికిత్స, తెలుగు పదవ్యవహారం

వ్యాససంగ్రహం:
ఆందోళన సహజమైన మానసిక స్థితి. అది రుగ్మతగా మారిన దశను గుర్తించడంలో జరిగే జాప్యానికి మన పదవ్యవహారం కూడా ఒక కారణమని ప్రతిపాదిస్తూ, ఆందోళన రుగ్మతల స్వరూపాన్ని, చికిత్సావిధానాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆందోళన, బెంగ, దడ, రుగ్మత, చికిత్స.

1. ఉపోద్ఘాతం:
'ఆందోళన' సంస్కృతం నుంచి వచ్చిన పదం. ఊగడం దీని మూలార్థం. నేటి తెలుగులో మనసు నిలకడ లేకపోవడాన్నీ, వీధిలో జరిగే నిరసననూ ఈ ఒక్క మాటతోనే చెబుతున్నాం. వైద్యరంగంలో ఇదే మాట ఒక రుగ్మతావర్గానికి పేరయింది. వాడుకలో బెంగ, దిగులు, గుబులు, కంగారు, దడ, బెరుకు వంటి మాటలు ఉన్నాయి. దూరమైనవారి కోసం బెంగ పెట్టుకుంటాం, పరీక్షకు ముందు కంగారుపడతాం, కొత్తవారి ఎదుట బెరుకుగా ఉంటాం. ఈ మాటలు సందర్భాన్ని చక్కగా పట్టిస్తాయి. కానీ ఆ స్థితి ఎన్నాళ్లుగా ఉంది, జీవితాన్ని ఎంతగా అడ్డుకుంటోంది అన్నవి చెప్పవు. వైద్యులకు ముఖ్యంగా కావలసినవి ఆ రెండే.

2. సహజభయం – రుగ్మత:
ప్రమాదం ఎదురైనప్పుడు శరీరంలో అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, శ్వాస హెచ్చుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఇది ప్రాణరక్షణకు అవసరమైన స్పందన. ప్రమాదం లేకున్నా, లేదా ఉన్నదానికి మించి ఈ స్పందన పదేపదే కలిగి, దైనందిన జీవితాన్ని దెబ్బతీస్తే అది రుగ్మత.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో వెలువరించిన డీఎస్‌ఎం మూడవ సంచిక, అంతవరకు ఒకటిగా భావించిన 'యాంగ్జైటీ న్యూరోసిస్'ను పానిక్ డిజార్డర్, జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అని రెండుగా విభజించింది. రెండవదానిలో అనేక విషయాల గురించి అదుపులేని చింత కనీసం 6 నెలలపాటు ఎక్కువ రోజుల్లో ఉంటుంది. దానితోపాటు అలసట, నిద్రలేమి, చిరాకు, ఏకాగ్రత లోపం వంటివి కనిపిస్తాయి. పానిక్ డిజార్డర్‌లో హఠాత్తుగా పుట్టిన భయం నిమిషాల్లోనే పతాకస్థాయికి చేరుతుంది. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, చనిపోతానేమోనన్న భయం కలుగుతాయి. నలుగురిలో మాట్లాడలేకపోవడానికి కారణమయ్యే సోషల్ యాంగ్జైటీ, నిర్దిష్ట వస్తువులు లేదా పరిస్థితుల పట్ల ఫోబియా కూడా ఈ వర్గానివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో 30 కోట్లమందికి పైగా ఈ రుగ్మతలతో జీవిస్తున్నారు.

3. పదం – రోగి ప్రయాణం:
తెలుగు రోగి తన బాధను 'గుండెదడ' అని చెప్పుకుంటాడు. కాబట్టి ముందుగా హృద్రోగ వైద్యుణ్ణి చూస్తాడు. గుండె, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం సరైనదే, అవసరమే. చిక్కు ఆ తరువాతే వస్తుంది. ఫలితాలు బాగున్నాయని చెప్పే 'ఏమీ లేదు' అన్న మాటను కుటుంబం 'జబ్బే లేదు' అని అర్థం చేసుకుంటుంది. ఆపైన మిగిలేది 'ధైర్యం తెచ్చుకో' అన్న సలహా. రోగి తన బాధను పిరికితనంగా భావించి దాచుకుంటాడు. మొదట బస్సు మానుకుంటాడు, తరువాత బజారు, చివరకు ఉద్యోగమో చదువో మానుకుంటాడు.

4. చికిత్స:
భయపడేదాన్ని తప్పించుకుంటే తక్షణం ఊరట కలుగుతుంది. ఆ ఊరటే భయాన్ని స్థిరపరుస్తుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ వలయాన్ని ఛేదిస్తుంది. బస్సంటే భయపడే వ్యక్తి మొదట స్టాపులో కాసేపు నిలబడతాడు. తరువాత తోడుతో ఒక స్టాపు దూరం వెళతాడు. చివరకు ఒంటరిగా ప్రయాణిస్తాడు. దడ పుట్టినా తనంతట అది తగ్గుతుందని అనుభవంతో తెలుసుకుంటాడు.

మందుల్లో సెర్ట్రలిన్, ఎస్‌సిటలోప్రామ్ వంటివి సాధారణంగా మొదటి ఎంపిక. వీటి ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. గుణం కనిపించాక కూడా కొన్ని నెలలు కొనసాగించాలి. వైద్యుల సలహా లేకుండా హఠాత్తుగా ఆపరాదు. అల్ప్రజోలమ్ వంటి మందులు వెంటనే ఊరటనిస్తాయి. అయితే అలవాటుపడే ప్రమాదం ఉన్నందువల్ల వాటిని స్వల్పకాలానికే పరిమితం చేస్తారు. పాత చీటీ చూపి మళ్లీమళ్లీ కొనుక్కోవడం ప్రమాదకరం.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా వర్తింపజేయాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా లభిస్తోంది.

5. ముగింపు:
బెంగ, దడ, గుబులు వంటి మాటలను విడిచి పారిభాషిక పదాలు నేర్చుకోమని రోగిని కోరనక్కరలేదు. ఆ మాట విన్నవారు, వైద్యులైనా ఇంటివారైనా, 'ఎన్నాళ్లుగా?', 'దీనివల్ల ఏయే పనులు మానుకున్నావు?' అని అడిగితే చాలు. 'ఏమీ లేదు' అనడానికి బదులు 'గుండెకు జబ్బు లేదు, ఇది ఆందోళన రుగ్మత కావచ్చు, దీనికి చికిత్స ఉంది' అని పూర్తిగా చెప్పగలిగితే, రోగి ఏళ్ల తరబడి దాచుకునే బాధ అక్కడే చికిత్సవైపు మళ్లుతుంది.